కార్డు ఇస్తే మాట ఆగిపోదు

సమస్య: మా బాబుకు నాలుగేళ్లు. ఆటిజం అని చెప్పారు. ఈ ఏడాది స్పెషల్ స్కూల్లో చేర్పించాం. స్పీచ్ థెరపీ అంటే మాటలు నేర్పుతారనుకుంటే బొమ్మల కార్డులు ఇస్తున్నారు. బిస్కెట్ కావాలంటే బిస్కెట్ బొమ్మ తీసి టీచర్ చేతిలో పెట్టాలట. దీనికి అలవాటుపడితే ఇక నోరే తెరవడేమో! మా అత్తగారేమో మాటలొస్తాయని వసకొమ్ము అరగదీసి బాబుకు నాకిస్తున్నారు. ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి, బడి మాన్పించు’ అంటున్నారు. మూడు నెలల్లో మాటలు తెప్పిస్తామని మా వీధిలో ఒక సెంటర్ బోర్డు పెట్టింది. అక్కడికి మార్చమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

సలహా: వద్దమ్మా. మాటకు గడువు పెట్టి హామీ ఇచ్చేవాళ్లను నమ్మకండి. థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఎక్కడైనా అడగొచ్చు, మీ స్కూల్లో కూడా.

ఇక కార్డుల సంగతి. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ ఇలాంటి పిల్లల కోసమే తయారుచేసిన పెక్స్ పద్ధతిలా ఉంది ఇది. ఏదైనా కావాలంటే బాబు మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడా? అప్పుడు వాడికి కావాల్సింది మీ చెయ్యి, మీరు కాదు. కార్డు ఇవ్వాలంటే మాత్రం మనిషిని వెతుక్కుంటూ రావాలి, అదీ ఎవరూ అడక్కుండా. నా మనసులోది ఇంకొకరికి తెలిపితే పని అవుతుందన్న ఎరుక అక్కడే మొదలవుతుంది. అది లేకుండా ‘అమ్మ అను, అత్త అను’ అని వల్లె వేయిస్తే ఏం లాభం? కార్డుల వల్ల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. కొందరిలో పెరిగింది కూడా. అందరికీ మాట వస్తుందని మాత్రం నేను చెప్పను. రాకపోయినా, కావాల్సింది అడగగలిగిన పిల్లాడికి ఏడుపులు, పేచీలు తగ్గుతాయి.

అవే కార్డులు ఇంకో జత అడిగి ఇంట్లో పెట్టుకోండి. బిస్కెట్ డబ్బా కనబడాలి, అందకూడదు. కార్డు ఇవ్వగానే ‘బిస్కెట్’ అని మీరు పలికి ఒక ముక్క ఇవ్వండి. ‘చెప్తేనే ఇస్తా’ అని సతాయించొద్దు.

వస మాన్పించండి, పిల్లలకు వాంతులవుతాయి. అత్తగారిని ఒకరోజు థెరపీ గదికి తీసుకెళ్లండి. మనవడు కార్డు పట్టుకుని రావడం చూస్తే ఆవిడే మెత్తబడొచ్చు.

ఖర్చు భారమైతే, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాకు దరఖాస్తు చేయండి. లక్ష రూపాయల దాకా, థెరపీతో సహా వర్తిస్తుంది. అన్నట్టు, మీ ఉత్తరంలో వినికిడి పరీక్ష ఊసే లేదు. బెరా అనే ఆ పరీక్ష ఇంతవరకు చేయించకపోతే ముందు ఆ పని చూడండి.