అడ్వర్సిటీ అంటే ఏటికి ఎదురీత

పిల్లలూ, ఇంగ్లీషు పాఠాల్లో "అడ్వర్సిటీ" అనే మాట మీకు తగిలే ఉంటుంది. కష్టకాలం, ప్రతికూల పరిస్థితి అని దాని అర్థం. ఆ మాట పుట్టుక చూద్దాం.

దీని మూలం లాటిన్‌లో ఉంది. "అడ్" అంటే వైపు, "వెర్టెరె" అంటే తిరగడం. రెండూ కలిసి "అడ్వర్సుస్", అంటే మనకు ఎదురు తిరిగినది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మేము ఆఫీసులో రోజూ వాడే వెర్షన్, కారు వెనక్కి తీసే రివర్స్, ఏటేటా జరుపుకునే యానివర్సరీ, అన్నీ ఈ "తిరగడం" కుటుంబమే.

ఒక జాగ్రత్త. "అడ్వర్స్" అంటే ప్రతికూలమైన అని అర్థం. అందులో డి అక్షరం మరిచిపోతే "అవర్స్" అవుతుంది. దానికి ఇష్టం లేని, మొహం తిప్పుకున్న అని అర్థం!

ఇక మన మాట ప్రతికూలం. సంస్కృతంలో "కూలం" అంటే నది ఒడ్డు. ఒడ్డు వెంబడి సాగితే అనుకూలం, దానికి ఎదురైతే ప్రతికూలం. తెలుగువాళ్ళు ఇంకా తేలిగ్గా "ఏటికి ఎదురీదడం" అన్నారు.

మన ఊరి పేరులోనూ ఏరుంది. మలయ్ భాషలో సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. ఈ ఊరు చూసిన ప్రతికూల కాలం చిన్నది కాదు. 1948 జూన్ 16న ఇక్కడి తోటల్లో ముగ్గురు తెల్లదొరలను కమ్యూనిస్టు గెరిల్లాలు కాల్చి చంపారు. దాంతో మలయాలో ఎమర్జెన్సీ వచ్చింది. మలయ్‌లో దాన్ని "దారురాత్" అంటారు. అది 1960 జూలై 31 వరకు సాగింది. ఆ పన్నెండేళ్ళలో కర్ఫ్యూలు, సోదాలు, తిండిగింజలపై ఆంక్షలు వచ్చాయి. ఎన్నో తోటల్లో కూలీల ఇళ్ళను ఒకచోటికి చేర్చి ముళ్ళకంచె వేశారు.

ఆ ఎమర్జెన్సీ నడుస్తుండగానే, 1955లో, ఈ దేశపు తెలుగువాళ్ళు ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే నేటి మలేషియా తెలుగు సంఘం. రోజులు బాగుపడ్డాక చూద్దాంలే అని వాళ్ళు ఊరుకోలేదు. ఎదురీత అంటే అదే.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు కష్టం వస్తే ఇంగ్లీషులోనో మలయ్‌లోనో స్నేహితులకు చెప్పుకోగలరు. అమ్మమ్మకు చెప్పుకోవాలంటే మాత్రం తెలుగు కావాలి. ఆ మాటలు లేకపోతే ఆమె దగ్గర మౌనంగా ఉండిపోతారు. మేము ఈ పాఠం ఎంచుకున్నది అందుకే.

ఇంటిపని: తాతయ్యనో అమ్మమ్మనో "మీరు ఏటికి ఎదురీదిన రోజులు ఏవి?" అని అడగండి. వాళ్ళు చెప్పింది మూడు తెలుగు వాక్యాల్లో రాసి వచ్చే క్లాసుకు తీసుకురండి. తప్పులుంటే కలిసి దిద్దుకుందాం.