పాత ఓడకు ధర కట్టే లెక్క: తరుగు చూడని వర్తకుడికే నష్టం

ఆదోని యార్డుకు వేరుశనగకాయ వచ్చినప్పుడు కొనుగోలుదారు కుప్ప ఎంత పెద్దదో చూసి ధర చెప్పడు. పిడికెడు కాయ తీసి వలుస్తాడు. పప్పు ఎంత, పొట్టు ఎంత, తాలు ఎంత, తేమ ఎంత అని లెక్క చూసుకుని ఆ మీదట నోరు విప్పుతాడు. కడపలో పసుపు కొమ్మును విరిచి చూసేదీ ఇందుకే. కంటికి కనిపించే బరువు వేరు, చేతికి మిగిలే సరకు వేరు.

వయసు మళ్లిన మహానౌకలను తుక్కు కింద కొనే వర్తకంలోనూ ఇదే సూత్రం. కర్నూలు, కడపలకు సముద్రం దూరమే. అయినా పాత ఇనుము, కడ్డీ, యాంగిల్ అమ్మేవారికి ఓడ తుక్కు లెక్క తెలిసి ఉండటం అవసరం. ఓడ పలక కూడా ఇనుప మార్కెట్లో ఒక సరకే. దాని ధర ఎలా ఏర్పడుతుందో, అందులో తరుగు ఎక్కడ దాగి ఉంటుందో తెలిసిన వర్తకుడు చౌక సరకు ఎందుకు చౌకగా వచ్చిందో కూడా పసిగట్టగలడు.

ఏ బరువుకు ధర?

ఓడకు బరువులు మూడు రకాలుగా చెబుతారు. అది మోయగల సరుకు బరువు ఒకటి. సరుకు, చమురు, నీరు, మనుషులతో నిండుగా ఉన్నప్పటి బరువు రెండవది. ఏమీ లేని ఖాళీ ఓడ బరువు మూడవది. తుక్కు వర్తకంలో ధర పలికేది ఈ మూడవ బరువుకే. దీనిని ఎల్.డి.టి. అంటారు. టన్నుకు ఇన్ని డాలర్లు అని బేరం సాగుతుంది.

ఈ తేడా ఎంత ఉంటుందో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ప్రపంచంలో అంతవరకు కట్టిన ఓడలన్నిటిలోనూ పొడవైనది 'సీవైజ్ జెయింట్' అనే చమురు ఓడ. 1979లో జపాన్‌లో తయారైంది. పొడవు 458 మీటర్లు. మోయగల బరువు 5,64,763 టన్నులు. 1988లో ఇరాన్-ఇరాక్ యుద్ధంలో బాంబు దెబ్బ తిని, మరమ్మతు చేయించుకుని, పేర్లు మార్చుకుంటూ మరో ఇరవయ్యేళ్లు నిలిచింది. చివరకు 2009 డిసెంబరులో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తుక్కుగా చేరింది. ఆ ఓడ ఖాళీ బరువు సుమారు 83 వేల టన్నులు, అంటే మోసే బరువులో ఏడో వంతు మాత్రమే. అయిదున్నర లక్షల టన్నుల ఓడ అని విని మురిసిపోయినవాడికి అక్కడ దొరికే ఇనుము అంతే.

ఖాళీ బరువులోనూ అంతా ఇనుము కాదు. నూటికి తొంభై పాళ్లకు అటూ ఇటూగా ఇనుము ఉంటుంది. తక్కినదాంట్లో రాగి తీగ, ఇత్తడి, కంచు పంకా వంటివి ఇనుముకంటే ఎక్కువ ధర పలుకుతాయి. కొయ్య, సిమెంటు, రంగులు, మురికి చమురు, వేడి ఆపే పొరలు మాత్రం తరుగు కిందికే పోతాయి. వీటిలో కొన్నిటికి ధర రాకపోవటమే కాదు, పారవేయటానికి ఎదురు డబ్బు పెట్టవలసి వస్తుంది.

ఓడ ఎప్పుడు విరమిస్తుంది?

సాధారణంగా సరుకు ఓడ ఆయుస్సు పాతిక, ముప్పయ్యేళ్లు. అయితే ఓడను తుక్కుకు పంపేది వయసొక్కటే కాదు. అయిదేళ్లకోసారి పెద్ద తనిఖీ ఉంటుంది. అందులో నెగ్గటానికి అరిగిన పలకలు మార్చాలి, యంత్రాలు విప్పి బిగించాలి. ఆ ఖర్చు రాబోయే కిరాయిలో తిరిగి రాదని తోచిన రోజున యజమాని తుక్కు ధర కనుక్కుంటాడు. కిరాయిలు బాగున్నప్పుడు ముసలి ఓడ కూడా నడుస్తుంది. కిరాయిలు పడిపోతే వయసులో ఉన్న ఓడ కూడా తీరానికి వస్తుంది.

1967లో సూయజ్ కాలువ మూతపడిన తరువాత ఆఫ్రికా చుట్టూ తిరిగి చమురు తేవటానికి బ్రహ్మాండమైన ఓడలు కట్టారు. 1973లో చమురు ధర పెరిగి వాడకం తగ్గింది. 1975లో కాలువ తెరుచుకుంది. మహానౌకలకు పని తప్పింది. ఫ్రాన్సులో 1976లో తయారైన 'బాటిలస్' అయిదున్నర లక్షల టన్నులు మోయగల ఓడ. పదేళ్లు నిండకముందే, 1985లో తైవాన్‌లోని కావోసియుంగ్ రేవులో తుక్కయింది. ఓడకు లోపం ఏమీ లేదు. కిరాయి లేదు, అంతే.

కనుక తుక్కు ఓడల రాకను ముందుగా పసిగట్టాలంటే ఓడ కిరాయిలను చూడాలి. కిరాయిలు మందగిస్తే తీరానికి ఓడలు బారులు తీరుతాయి, తుక్కు ధర మెత్తబడుతుంది. కిరాయిలు ఊపందుకుంటే ఓడలు రావు, తుక్కుకు కొరత ఏర్పడుతుంది.

చేతులు మారే తీరు

యజమాని చాలా సందర్భాలలో ఓడను నేరుగా విరగగొట్టేవారికి అమ్మడు. మధ్యలో రొక్కం చెల్లించి కొనే వర్తకులు ఉంటారు. వారు యజమానికి సొమ్ము కట్టి, ఓడను తమ పేర చేసుకుని, తీరంలోని వ్యాపారికి బ్యాంకు హామీ పత్రంపై అమ్ముతారు. వారి లాభం ఈ రెండు ధరల మధ్య ఉంటుంది. కొనుగోలుదారు మాట తప్పితే నడిసముద్రంలో ఉన్న ఓడ వారి మెడకే చుట్టుకుంటుంది.

అలంగ్‌కు మొదటి ఓడ 1983లో వచ్చింది. అక్కడ పోటు, పాటుల మధ్య నీటి మట్టం పది మీటర్ల వరకు తేడా ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల ముందువెనుకలు పోటు హెచ్చుగా వచ్చినప్పుడు ఓడను వేగంగా ఒడ్డుకు ఎక్కిస్తారు. నీరు తగ్గగానే అది ఇసుకలో నిలిచిపోతుంది. ఆ పోటు తప్పితే మరో పోటు వరకు ఆగాలి. ఆగిన ప్రతి రోజుకూ వడ్డీ నడుస్తుంది.

అసలు గండం ధరల మార్పులో ఉంది. 2008 నడిమిలో టన్ను 700 డాలర్లు దాటి పలికిన తుక్కు ఓడ ఆ సంవత్సరాంతానికి 300 కంటే కిందికి దిగింది. లెక్కకు పది వేల టన్నుల ఓడను తీసుకుంటే తేడా 40 లక్షల డాలర్లు. డాలరు మారకం రెండో గండం. 2013 మే నెలలో సుమారు రు. 54 ఉన్న డాలరు ఆగస్టు చివరకు రు. 68 తాకింది. టన్ను 400 డాలర్ల చొప్పున అదే పది వేల టన్నుల ఓడను గడువు మీద కొన్నవాడికి రు. 21.60 కోట్ల బాకీ రు. 27.20 కోట్లయింది. ఇనుము ధర మారకపోయినా నష్టం వచ్చేది ఇలాగే.

విశాఖకు రాని విరాట్

తెలుగువారికి బాగా తెలిసిన పాత ఓడ విమానవాహక నౌక విరాట్. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో 'హెర్మిస్' పేరుతో చేరింది. 1987 మేలో మన నౌకాదళానికి వచ్చింది. 2017 మార్చి 6న విరమించింది. దానిని విశాఖ తీరంలో ప్రదర్శనశాలగా, హోటలుగా నిలపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016లో ఆలోచన చేసింది. అది ముందుకు సాగలేదు. 2018 నవంబరులో మహారాష్ట్ర రు. 852 కోట్ల పథకానికి అనుమతి ఇచ్చింది. అదీ కాగితం దాటలేదు. చివరకు వేలంలో విరాట్ రు. 38.54 కోట్లకు అమ్ముడై, 2020 సెప్టెంబరు 28న అలంగ్ ఒడ్డుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పని ఆపించింది. అప్పటికే ఓడలో చాలా భాగం విప్పివేయటంతో ఏప్రిల్‌లో పిటిషన్ కొట్టివేసింది.

విశాఖలోనే 2002 నుంచి 'కుర్సుర' జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. అది తొంభై మీటర్ల పొడవు. నిలబెట్టే ఖర్చు, ఏటేటా రంగు, మరమ్మతుల ఖర్చు రాబడికి అందే మేరలో ఉన్నాయి. విరాట్ ఇరవై ఎనిమిది వేల టన్నుల పైచిలుకు నౌక. ఓడ పెద్దదయిన కొద్దీ దానిపై అభిమానం పెరగవచ్చు గాని, దానిని ఉంచుకునే ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతుంది. అభిమానులు తప్పుకున్న చోట చివరి వరకు నిలిచే కొనుగోలుదారు తుక్కు వర్తకుడు ఒక్కడే.

ఈ అమ్మకంలో మరో పాఠం ఉంది. రు. 38.54 కోట్లను విరాట్ నిండు బరువు 28,700 టన్నులతో భాగిస్తే టన్నుకు రు. 13,400 వస్తుంది. ఎంతో చౌక అనిపిస్తుంది. ఆ నిండు బరువులో చమురు, నీరు, విమానాలు కలిసి ఉన్నాయి. వేలానికి వచ్చిన ఖాళీ ఓడ బరువు అంతకంటే చాలా తక్కువ. తప్పు బరువుతో భాగించినవాడికి ప్రతి ఓడా చౌకగానే కనిపిస్తుంది.

పులివెందుల రాయి చెప్పే తరుగు

పాత ఓడలలో ఆవిరి గొట్టాలకు, యంత్రపు గదులకు వేడి తగలకుండా ఆస్బెస్టాస్ చుట్టేవారు. ఈ సరకు కడప జిల్లాకు కొత్త కాదు. పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె వద్ద రాతి పొరల నుంచి ఈ రాతినారను తవ్వేవారు. నిప్పుకు కాలదు, నూలులా పీచు తేలుతుంది, అందువల్ల ఎంతో గిరాకీ. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి ప్రాణం తీస్తుందని తేలాక 1986లో కేంద్ర ప్రభుత్వం ఈ గనులకు కొత్త లీజులు, పాత లీజుల పొడిగింపు ఆపివేసింది.

గనిలో మంచి సరకుగా అమ్ముడైన రాయే పాత ఓడలో తరుగుగా మారింది. ఫ్రెంచి విమానవాహక నౌక 'క్లెమెన్సో' అలంగ్‌కు బయలుదేరాక, దానిలోని ఆస్బెస్టాస్‌పై వివాదం రేగి 2006లో వెనక్కి మళ్లింది. తరువాత దానిని ఇంగ్లండులో విరగగొట్టారు. పొరను తడిపి, ముసుగులు ధరించి, మూటలు కట్టి పాతిపెట్టటానికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు లెక్కలో వేసుకున్నవాడు ఓడకు తక్కువ ధర చెబుతాడు. వేసుకోనివాడు ఎక్కువ చెప్పి ఓడ దక్కించుకుంటాడు. వాడు మిగుల్చుకున్న సొమ్ము కోత కూలీ ఊపిరి నుంచి వచ్చిందే.

తొట్లలో మిగిలిన చమురు సంగతీ ఇంతే. కడిగి, ఆవిరి తొలగించాకే కోత దీపం పెట్టాలి. 2016 నవంబరు 1న పాకిస్తాన్‌లోని గడానీ తీరంలో చమురు ఓడ పేలి 20 మందికి పైగా కార్మికులు మరణించారు.

ఈ తరుగును ఇకపై దాచటం కష్టం. మన దేశం 2019లో ఓడల పునర్వినియోగంపై చట్టం చేసి, అదే సంవత్సరం హాంకాంగ్ ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందం 2025 జూన్ 26 నుంచి అమలులోకి వచ్చింది. ఓడలో ఏ హానికర పదార్థం ఎక్కడ, ఎంత ఉందో జాబితా ఉండాలని అది చెబుతుంది. యార్డులో తరుగు చీటీ లాంటిదే ఈ జాబితా. చీటీ లేని సరకుకు పూర్తి ధర కట్టటం వర్తకం కాదు.

పలక నుంచి కడ్డీకి

విప్పిన ఓడ ఇనుము రెండు దారులు పడుతుంది. తునకలు కొలిమిలో కరిగి దిమ్మెలవుతాయి. మంచి పలకలను మాత్రం కరిగించకుండా చీలికలుగా కోసి, ఎర్రగా కాల్చి, కడ్డీగానో యాంగిల్‌గానో సాగదీస్తారు. కరిగించే ఖర్చు మిగులుతుంది గనుక పలక ధర కరిగే తుక్కు కంటే పైనే ఉంటుంది.

కరిగించిన ఇనుములో కర్బనం, గంధకం, భాస్వరం పాళ్లు పరీక్షించి సరిచేయవచ్చు. కేవలం సాగదీసిన పలకలో ఆ పాళ్లు ఓడలో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఒక కట్టలోని కడ్డీలు రెండు వేర్వేరు పలకల నుంచి వచ్చి ఉండవచ్చు. గేటుకు, కిటికీ చట్రానికి, పశువుల కొట్టానికి అటువంటి సరకుతో పని జరుగుతుంది. మిద్దె కప్పుకు, స్తంభానికి, నీళ్ల ట్యాంకుకు వేసే కడ్డీ ఐ.ఎస్. 1786 ప్రమాణానికి సరిపోవాలి.

దుకాణంలో చూడవలసినవి మూడు. కడ్డీ పొడవునా తయారీదారు గుర్తు, ప్రమాణ ముద్ర ఉండాలి. కొలిమి సంఖ్యతో పరీక్షా పత్రం రావాలి. తూకం సరిపోవాలి. మీటరు కడ్డీ 8 మిల్లీమీటర్లదైతే 395 గ్రాములు, 10దైతే 617, 12దైతే 888 గ్రాములు ఉండాలి. 12 మిల్లీమీటర్ల కడ్డీ పన్నెండు మీటర్ల నిడివికి సుమారు 10 కిలోల 650 గ్రాములు తూగాలి. కిలోల లెక్కన చౌకగా వచ్చిన కడ్డీలో ఇనుము గుణం తగ్గవచ్చు. కడ్డీ లెక్కన చౌకగా వచ్చినదానిలో ఇనుమే తగ్గవచ్చు.

వేరుశనగలో తాలు చూడకుండా కొన్నవాడు ఆ సీజనుకే నష్టపోతాడు. ఓడ తుక్కులో తరుగు చూడకుండా కొంటే ఆ నష్టం కొన్నవాడి దగ్గర ఆగదు. తీరంలో కోత కూలీ దాకా, ఊళ్లో మిద్దె కింద పడుకున్న సంసారం దాకా పోతుంది. తూకం వేసే ముందు తరుగు అడిగే అలవాటు యార్డులో ఎలాగూ ఉంది. ఇనుప దుకాణంలోనూ అదే ప్రశ్న అడగాలి.