పోపుల డబ్బాలో మాత్రలు

నా వయసు 41. పెళ్లికి ముందు నుంచీ నెలకు రెండు మూడుసార్లు పార్శ్వపు నొప్పి వచ్చేది. నాలుగేళ్లుగా ఇంచుమించు రోజూ తలనొప్పే. తెల్లారి మాత్ర పడితేనే పొయ్యి దగ్గర నిలబడగలను. ఒక్కోరోజు మూడు కూడా అవుతున్నాయి. స్ట్రిప్పు పోపుల డబ్బాలో మెంతుల గిన్నె పక్కన పెట్టుకుంటాను, అది నేను తప్ప ఎవరూ తీయరు కాబట్టి. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అప్పట్నుంచి మావారు ‘నీది అలవాటు నొప్పి’ అంటారు. పేరంటాలకు వెళ్లడం మానేశాను. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. మాత్రలు మానితే రెండో రోజుకే వాంతులు. నాకేమైనా పిచ్చా?
– ఒక సోదరి, గుంటూరు

పిచ్చి లేదమ్మా. పార్శ్వపు నొప్పి స్కాన్‌లో కనబడదు. అది ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు మరీ తరచుగా మింగితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెడతాయి. మామూలు పారాసెటమాల్ అయితే నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలైతే 10 రోజులు, మూడు నెలలకు మించి ఇలా సాగితే డాక్టర్లు దీన్నే అనుమానిస్తారు. ఏ రోజు ఎన్ని మింగారో క్యాలెండర్ మీద రాసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి. మీ అంతట మీరు మళ్లీ మానకండి, కొన్ని రకాలు ఒక్కసారిగా ఆపకూడదు. వైద్యం సంగతి ఇంతే.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ పోపుల డబ్బా. ఇంటిల్లిపాదీ తినేది అందులోంచే. దాని మూత మీరు తప్ప ఎవరూ తీయరన్నది మీరు ఫిర్యాదుగా కూడా రాయలేదు, వస్తువు దాచుకోవడానికి పనికొచ్చే చోటని రాశారు! టిఫిన్ వేళకు అందుతున్నంత కాలం మన ఇళ్లలో ఆడమనిషి నొప్పి ఎవరికీ కనబడదు. కూరలో ఉప్పు మరిచిన రోజే కనబడుతుంది. అదే మగవాళ్లకు జలుబు చేస్తే వీధి చివరిదాకా మిరియాల కషాయం వాసన.

డాక్టరు చెప్పినట్టు మాత్రలు ఆపాక మొదట నొప్పి పెరుగుతుంది. రెండు నుంచి పది రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో వంట మీది కాదు. మీవారిని వెంటబెట్టుకెళ్లి ఈ మాట డాక్టరు నోటితోనే చెప్పించండి. ‘అలవాటు నొప్పి’ అన్న పెద్దమనిషికి పొయ్యి అలవాటు కావడానికి పది రోజులు చాలు. ఆవాలెక్కడని కేక వేస్తారు. పడక దిగి చూపించకండి. వెతుక్కుంటుంటే ఆ స్ట్రిప్పు కూడా ఆయన చేతికే తగలనివ్వండి.