కోడ్ ఇచ్చే ముందు కాగితం చదవండి



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. ఈ హాస్టల్‌లో చదువుకుని ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్న కొందరం కలిసి ఇది రాస్తున్నాం. పాలిటెక్నిక్‌కు, బీటెక్‌కు వెళ్లిన తమ్ముళ్లు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ పంపితే ఒప్పందం మీద సంతకం పెట్టమంటున్నారు. ఉచితంగా ఇచ్చేదానికి మళ్లీ కాగితం ఎందుకు?"

నిజాంసాగర్ కాలువ కింద బతికే మనకు ఇది అర్థం కానిది కాదు. ఊళ్లో సాదా బైనామా మీద భూమి కొన్నవాళ్లు ఎంతమంది లేరు! డబ్బులిచ్చారు, ఏళ్ల తరబడి దున్నుకున్నారు, పట్టా మాత్రం పాత యజమాని పేరు మీదే ఉంది. ఆయన ఉన్నన్నాళ్లు మాట మీద నడుస్తుంది. కొడుకుల కాలానికి తగాదా మొదలవుతుంది. కోడ్ విషయమూ అంతే. ఒక ప్రాజెక్టులో వందలమంది రాసిన కోడ్ కలిసిపోయి ఉంటుంది. అందులో ఒక్కరు రేపు వచ్చి "నా ముక్క నేనివ్వలేదు" అంటే చూపించడానికి కాగితం ఉండాలి.

అసలు హక్కు ఎవరిది? రాసినవారిదే. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు, రాసిన క్షణం నుంచే ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల కిందే లెక్కిస్తుంది. 1984 సవరణతో ఆ మాట చట్టంలోకి వచ్చింది. కథకు ఉన్నట్టే మీ ప్రోగ్రాముకూ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కోడ్ అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన అది అందరిదీ అయిపోదు. వాడుకోవచ్చని మీరు చెప్పాలి.

మన తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి, వాటిని జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేశారు. అనుమతి రాతలో ఉంది కాబట్టే డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు ధైర్యంగా వాటిని తమలో చేర్చుకోగలిగాయి. ఫాంటు ఎంత అందంగా ఉన్నా, ఆ రాత లేకపోతే వాళ్లు ముట్టుకునేవారు కారు.

ఇక సంతకం పెట్టమనే కాగితాలు ఒక్క రకం కాదు. తేడా తెలియకపోవడం వల్లే మనవాళ్లు అయితే భయపడుతున్నారు, లేకపోతే చదవకుండానే నొక్కేస్తున్నారు.

ఒకటి కౌలు లాంటిది. అపాచీ ఫౌండేషన్ ఒప్పందం ఈ కోవకు వస్తుంది. హక్కు మీ దగ్గరే ఉంటుంది, వాడుకునే అనుమతి వాళ్లకిస్తారు. రెండోది రిజిస్ట్రీ చేసివ్వడం లాంటిది. కాపీరైట్‌నే బదలాయిస్తారు. ఈమాక్స్‌కు చెప్పుకోదగినంత కోడ్ ఇవ్వాలంటే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు ఇలా రాసివ్వాలి. ఆ ఫౌండేషన్ మీ కోడ్‌ను మీరు వాడుకునే హక్కు మీకు తిరిగి ఇస్తుంది కాబట్టి నష్టం లేదు. కానీ ప్రతి సంస్థా అలా ఇస్తుందని అనుకోకండి, ఆ వాక్యం ఉందో లేదో వెతకండి. జీసీసీ ప్రాజెక్టు కూడా ఇదే పద్ధతి పాటించేది, 2021లో ఆ నిబంధన సడలించింది.

మూడోది అన్నిటికన్నా తేలిక. 2003లో ఎస్‌సీఓ అనే అమెరికా కంపెనీ, లినక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఏ వరుస ఎవరి చేతి నుంచి వచ్చిందో చూపించవలసిన అవసరం అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. 2004 నుంచి లినక్స్ కెర్నల్‌కు కోడ్ పంపే ప్రతివారూ చివర తమ పేరుతో ఒక వరుస చేరుస్తున్నారు. "ఇది ఇచ్చే హక్కు నాకుంది" అని దాని అర్థం. నలుగురిలో నిలబడి చెప్పినట్టన్నమాట. స్నేహితుడి రికార్డులోంచి ఎత్తిన కోడ్ కింద ఆ వరుస రాస్తే అది అబద్ధపు సాక్ష్యమే.

హక్కు బదలాయింపు గురించి మన చట్టంలోని 19వ సెక్షన్ తప్పక తెలుసుకోవాలి. బదలాయింపు రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఫారంలో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అనే మాటలు కనిపిస్తే కంగారుపడకండి, ఇలాంటి సందేహాలు రాకూడదనే రాస్తారు. హక్కు ఇచ్చేసినా, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ ప్రకారం రచయితకే మిగులుతుంది. ఉద్యోగాలు వెతుక్కునే మనకు అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మీ వయసు సంగతి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. అలా చేసుకున్నది చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ మొహొరీ బీబీ కేసులో తేల్చింది. కాబట్టి 18 నిండని తమ్ముళ్లు వయసు పెంచి రాయవద్దు. ప్రాజెక్టు వాళ్లకు ఉన్నమాట చెప్పి, అమ్మానాన్నలు సంతకం పెట్టవచ్చా అని అడగండి. వాళ్లకు ఆ కాగితం ఏమిటో ఇంట్లో తెలుగులో వివరించవలసింది మీరే. మన ఇళ్లల్లో చదవని కాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నవాళ్లున్నారు, వాళ్లు అనుమానిస్తే తప్పు లేదు.

ఉద్యోగంలో చేరిన పాత విద్యార్థులకు ఇంకో మెలిక ఉంది. 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. అప్రెంటిస్‌గా ఉన్నా ఇదే వర్తిస్తుంది. రాత్రి గదిలో సొంతంగా రాసినదీ కంపెనీదే అని కొన్ని నియామక పత్రాల్లో ఉంటుంది. మీది కానిదాన్ని మీరెలా రాసిస్తారు? ముందు మేనేజరుకు ఈమెయిలు పెట్టి జవాబు రాతలో తీసుకోండి. నోటిమాట చాలదు.

ఫారం నింపేటప్పుడు పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మనకు మామూలే గాని, అవతలివారికి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది. కోడ్ పంపే ఈమెయిలు, ఫారంలోని ఈమెయిలు ఒకటే పెట్టండి. సంతకం చేసిన కాపీ దాచుకోండి. అర్థం కాని వాక్యం కింద గీత గీసి ఉంచండి, దసరా సెలవులకు మేం ఊరికి వచ్చినప్పుడు కలిసి కూర్చుని చదువుదాం.