ఫోన్‌లో తీసినా చెల్లుతుంది

ప్రశ్న: మిరప కోతలకు మా ఊరొచ్చే కూలీల మీద ఫోన్‌తో 14 నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. పోటీకి పనికొస్తుందా?
– ఓ పాఠకుడు, అచ్చంపేట, పల్నాడు జిల్లా

జవాబు: పనికొస్తుంది, కాకపోతే కత్తెర పడాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2015 నుంచి లఘుచిత్రాల పోటీ పెడుతోంది. కూలీల బతుకు అందులో ఇమిడే అంశమే. నిడివి 3 నుంచి 10 నిమిషాలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ప్రవేశ రుసుము లేదు. జాతీయ చలనచిత్ర అవార్డులకైతే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. మొదటి సినిమాకు ఆ తిప్పలెందుకు?

చాలామంది దెబ్బతినేది పాట దగ్గర. కల్లంలో ఎవరి ఫోన్‌లోనో మోగిన సినిమా పాట మీ వీడియోలో పడితే కాపీరైట్ తగాదే. అది తీసేసి, ఎండుకాయల్ని పారతో తిరగేసే గలగల ఉంచండి, నాకైతే అదే ఇష్టం. కనిపించే కూలీల నుంచి అనుమతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. పిల్లలుంటే తల్లిదండ్రులది కూడా.