ఎమిలీ హాబ్‌హౌస్: దేశభక్తియు సత్యమును

స్వదేశమును ప్రేమించువారు ఆ దేశము చేయు తప్పును గూడ సమర్థింపవలయునా? యుద్ధకాలమున ఈ ప్రశ్న మిక్కిలి కఠినమగును. ఒక పాదిరిగారి కుమార్తె దీనికెట్లు ప్రత్యుత్తర మిచ్చెనో విద్యార్థులు తెలిసికొనదగును.

ఎమిలీ హాబ్‌హౌస్ 1860లో ఇంగ్లండునందలి కార్న్‌వాల్ సీమలో జన్మించెను. 1899లో దక్షిణాఫ్రికాయందు ఆంగ్లేయులకును, బోయరులనబడు డచ్చి సంతతివారికిని యుద్ధము ప్రారంభమయ్యెను. కొంతకాలమునకు బోయరులు ఎదురుగ నిలువక, పొంచియుండి పోరాడసాగిరి. వారికి తిండియు నాశ్రయమును దొరకకుండుటకై ఆంగ్ల సేనానులు ఇండ్లను, పంటలను తగులబెట్టించి, స్త్రీలను బిడ్డలను శిబిరములకు తరలించిరి.

1901 జనవరిలో ఎమిలీ బ్లూంఫాంటీను శిబిరమును చూచెను. గుడారములలో జనులు క్రిక్కిరిసి యుండిరి. సబ్బు లేదు, నీరు చాలదు, వంటచెరకు కొరత. తట్టును, టైఫాయిడు జ్వరమును పసిబిడ్డలను హరించుచుండెను. మగవారింకను పోరాడుచున్న కుటుంబములకు తొలుత ఆహారమును తక్కువగ నిచ్చిరి. ఆమె చూచినది చూచినట్లు వ్రాసి, కావలసిన మార్పులను వివరించెను. ఆ నివేదిక జూనులో ఇంగ్లండున ప్రకటింపబడెను.

స్వదేశీయులనేకులు ఆమెను ద్రోహి యని దూషించిరి. అక్టోబరులో ఆమె మరల కేప్‌టౌను చేరగా, ఒడ్డున దిగనియ్యక బలవంతముగ వేరొక యోడనెక్కించి పంపివేసిరి. అయినను ప్రభుత్వమే నియమించిన స్త్రీల సంఘము, మిల్లిసెంట్ ఫాసెట్ అధ్యక్షతను, ఆమె మాట నిజమని కనుగొనెను. పిమ్మట ఏర్పాట్లు బాగుపడి మరణములు తగ్గెను. కాని 1902 మేలో యుద్ధము ముగియునాటికి ఆ శిబిరములలో సుమారు 28,000 మంది బోయరులు మరణించిరి. వారిలో 22,000 మంది పిల్లలు.

నల్లజాతివారికి వేరు శిబిరములుండెను. అచ్చట లెక్కకెక్కిన మరణములే 14,000 పైబడినవి. ఆ సంఘమువారు వానిని పరీక్షింపలేదు. 1913లో బ్లూంఫాంటీనున బోయరు స్త్రీల స్మారక స్తంభము ఆవిష్కరింపబడినప్పుడు, అస్వస్థురాలగు ఎమిలీ పంపిన ప్రసంగములో నల్లజాతి మృతులను గూడ స్మరింపవలయునని కోరెను. బోయరులకై నిందలకోర్చిన యామె, వారికిని అప్రియసత్యమును చెప్ప వెనుదీయలేదు.

1914లో గాంధీగారికిని జనరల్ స్మట్సుగారికిని రాజీ కుదురుటకు సయితము ఆమె తోడ్పడెను. ఆ సంవత్సరమే కూలీల నెత్తిపైనున్న 3 పౌనుల పన్ను రద్దయ్యెను. ఆ భారమును మోసినవారిలో మన తెలుగువారును గలరు.

ఎమిలీ 1926లో మరణించెను. ఆమె చితాభస్మమును ఆ స్మారకముకడనే యుంచిరి.

విద్యార్థులారా, ఆమె పద్ధతిని గమనింపుడు. వినినంతనే నమ్మలేదు, స్వయముగ పోయి చూచెను. ద్వేషముతో నిందింపలేదు, మార్గమును చూపెను. ఒక జాతి పక్షమున నిలిచి మరియొక జాతి దుఃఖమును మరువలేదు. దారిలో పడియున్నవానిని నీదే జాతియని అడుగని సమరయుని కథ మనము ఎన్నియో మారులు చదివితిమి. మనవారు తప్పుచేయునపుడు ఆ కథ మనకు జ్ఞాపకము వచ్చునా? అదియే ఈ పాఠము మనలను అడుగు ప్రశ్న.