మేత అరిగితేనే పాలు

మీ బర్రెకు ఏం పెడుతున్నారని అడిగితే ఏ రైతయినా ఠక్కున లెక్క చెప్తాడు. ఇన్ని కట్టల గడ్డి, ఇంత తవుడు, ఇంత పత్తిచెక్క. అందులో అరిగేదెంత, పెంటకుప్పకు పోయేదెంత అని అడిగితే మాత్రం తల గోక్కుంటాడు. ఆ లెక్క తెలియాలంటే పశువు కడుపులో జరిగే పని కొంచెమైనా తెలిసి ఉండాలి.

బోధన్ ప్రాంత రైతులకు ఇది ఇప్పుడు మరీ అవసరం. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి చెరకు కొట్టే కాలమంటే పశువులకు చెరకాకు పండగే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గింది, వరి పెరిగింది. గాటిలోకి వరిగడ్డి వచ్చింది. మేత మారినా కడుపు పనిచేసే తీరు మారదు కదా!

బర్రెకు, ఆవుకు కడుపు నాలుగు అరలుగా ఉంటుంది. మొదటిది పెద్దపొట్ట. ఎడమ డొక్క అంతా అదే. పెద్ద పశువులో నూరు లీటర్లకు పైనే పడుతుంది. పశువు మేతను సరిగా నమలకుండానే ఇందులోకి దింపేస్తుంది. తర్వాత నీడన పడుకుని కొద్దికొద్దిగా నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పశువు రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఈ పని మీదే ఉంటుంది. నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలం అంతా ఇంతా కాదు. పెద్ద ఆవులో రోజుకు నూరు లీటర్లు దాటుతుంది. అందులో మనం వంటకు వాడే సోడా వంటి క్షారం ఉంటుంది. పెద్దపొట్టలో పుట్టే పులుపును విరిచేది అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

గడ్డిలోని పీచును అరిగించే శక్తి నిజానికి బర్రెకు లేదు. పెద్దపొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులకు ఉంది. అక్కడి రసం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్ల వరకు బాక్టీరియాలుంటాయి. ఇవిగాక ప్రోటోజోవాలు, శిలీంధ్రాలు. ఇవి పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే ఆమ్లాలుగా మారుస్తాయి. పొట్ట గోడకు లోపలివైపు తువ్వాలు నూగులాగా ఉండే మొలకలు ఆ ఆమ్లాలను అక్కడికక్కడే రక్తంలోకి పీల్చుకుంటాయి. పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఇలా వచ్చేదే. పాలలో వెన్న కట్టడానికి ఎసిటిక్ ఆమ్లం ముఖ్యం. అది పీచు మేత నుంచే ఎక్కువగా తయారవుతుంది. గడ్డి తగ్గించి దాణా పెంచితే వెన్నశాతం ఎందుకు పడిపోతుందో, పాలకేంద్రంలో రేటు ఎందుకు తగ్గుతుందో ఇప్పుడు తెలిసింది కదా. పులిసేటప్పుడు పుట్టే గ్యాసు త్రేన్పులుగా బయటికి పోతుంది. అది పోకుండా ఆగితేనే కడుపు ఉబ్బరం.

రెండో అర తేనెతుట్టెలా ఉంటుంది. గడ్డితో పాటు మింగిన మేకులు, తీగముక్కలు ఇక్కడే ఆగుతాయి. దీనికి గుండె దగ్గరే ఉంటుంది కనుక మేకు గుచ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నిజామాబాద్ రోడ్ల మీద తిరిగే ఆవులు మింగే పాలిథిన్ కవర్లయితే పెద్దపొట్టలోనే ముద్దకట్టి మిగిలిపోతాయి. మూడో అర పుస్తకంలో కాగితాల్లా మడతలు మడతలుగా ఉండి నీటిని పీల్చుతుంది. నాలుగోదే మన కడుపులాంటి అసలు కడుపు. పైనుంచి కొట్టుకొచ్చిన సూక్ష్మజీవులు ఇక్కడా, పేగుల్లోనూ అరిగి పశువుకు మాంసకృత్తులవుతాయి. అంటే మనం మేపేది ముందు సూక్ష్మజీవులను, అవి మేపేది బర్రెను.

ఇక అసలు ముప్పు సంగతి. పెళ్లిళ్ల కాలంలో పశువైద్యుల దగ్గరికి తరచుగా వచ్చే మాట ఒకటుంది: "డాక్టర్ సాబ్, రాత్రి మంచిగనే తిన్నది, పొద్దుగాల లేస్తలేదు." ఏం తిన్నదని ఆరా తీస్తే పెళ్లింట మిగిలిన అన్నం గంపెడు, లేకపోతే బస్తా విప్పుకుని మేసిన మక్కలు. పారేసేకంటే పశువుకు పెడదామన్న మంచి ఉద్దేశమే! కానీ అన్నం, మక్కలు గడ్డిలా నిదానంగా పులవవు. కొద్ది గంటల్లోనే లాక్టిక్ ఆమ్లం విపరీతంగా పుడుతుంది. గడ్డి లేదు కనుక నెమరు లేదు, నెమరు లేదు కనుక లాలాజలం చాలదు. పీచును అరిగించే జీవులు ఆ పులుపుకు చచ్చిపోతాయి. ఒంట్లోని నీరు పొట్టలోకి లాగబడుతుంది. కళ్లు గుంటలు పడతాయి, పేడ పుల్లని వాసనతో నీళ్లలా పోతుంది, పశువు కూలబడుతుంది. గంటలు గడిచేకొద్దీ బతికే ఆశ తగ్గుతుంది. కాబట్టి ఎక్కువ తిన్నదని తెలిసిన వెంటనే, జబ్బు లక్షణాలు కనిపించకముందే పశువైద్యుడికి కబురు పెట్టండి. తినేసోడా ఎంత తాగించాలో ఆయననే అడగండి. పడిపోయిన పశువుకు గొట్టంతో ఏదీ పొయ్యొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే వైద్యానికి అందదు.

వరిగడ్డి విషయానికొస్తే, మిషన్ కోత అయ్యాక పొలంలో పడి ఉన్న గడ్డికి నిప్పు పెట్టడం చూస్తుంటే బాధేస్తుంది. దాంట్లో మాంసకృత్తులు నాలుగు శాతం కూడా ఉండవన్నది నిజమే. దాన్ని యూరియాతో మాగబెడితే దాదాపు రెట్టింపవుతాయి, మెత్తబడి అరుగుదలా పెరుగుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. పెట్టబోయే ముందు కొంతసేపు ఆరబోస్తే ఘాటు పోతుంది. మొదట కొద్దిగా పెట్టి అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియాను కుడితిలో కలిపి పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. సూక్ష్మజీవులు వాడుకునేలోగా అమ్మోనియా రక్తంలోకెక్కి పశువు గిలగిలా కొట్టుకుని చస్తుంది.

చెరకు ఇంకా వేస్తున్నవారికి ఒక మాట. చెరకాకులో ఆగ్జలేట్లు ఉంటాయి. అవి సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, ఒంటికి పట్టనివ్వవు. అదొక్కటే నెలల తరబడి మేపకుండా పప్పుజాతి గడ్డి కలపండి, రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం వేయండి. చెరకు మడ్డి దాణాలో పదో వంతు దాటకూడదు.

దూడ సంగతి వేరు. పుట్టిన దూడకు పెద్దపొట్ట పనిచేయదు. తాగిన పాలు అన్నవాహిక దగ్గరి గాడి గుండా నేరుగా అసలు కడుపులోకి దిగుతాయి. జున్నుపాలలోని రోగనిరోధక పదార్థాలను దూడ పేగులు యథాతథంగా పీల్చుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, అందులోనూ మొదటి కొన్ని గంటలే ఎక్కువ. మాయ పడేదాకా దూడను కుడవనివ్వొద్దని పెద్దలు అంటుంటారు. ఈ ఒక్క విషయంలో వారి మాట వినకండి. గంటలోపే కుడిపించండి. మాయ పడడానికి కూడా అది సాయమే చేస్తుంది.

చివరగా, కడుపులో ఏముందో చెప్పేది పేడా, మూత్రమే. పేడలో మక్కలు గింజలుగానే కనిపిస్తున్నాయంటే దాణా ఇంకా మెత్తగా ఆడించాలి. గట్టిగా ఉండలు కడుతుంటే నీళ్లో, పచ్చిమేతో తక్కువైందన్నమాట. పొట్టలో మిగిలిన అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. కొంత లాలాజలంతో మళ్లీ పొట్టకు చేరుతుంది, మిగతాది మూత్రపిండాలు వడపోసి బయటికి పంపుతాయి. అందుకే కొట్టం గచ్చుకు వాలు పెట్టి ఆ మూత్రాన్ని పెంటగుంతలోకి మళ్లించుకుంటే పొలానికి నత్రజని.

ఈనిన కొద్ది వారాలకు బర్రె కాఫీ రంగు మూత్రం పోస్తే భాస్వరం లోపం కావచ్చు, పిడుదుల జ్వరమూ కావచ్చు. రెంటికీ మందులు వేరు, నెత్తురు పరీక్షిస్తేగాని తేలదు. తవుడు మరీ ఎక్కువగా తినే ఎడ్లకు మూత్రంలో రాళ్లు పడతాయి. ఎద్దు మాటిమాటికీ తోక ఎత్తి ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే సాయంత్రం దాకా చూద్దామని ఆగకండి. మూత్రాశయం పగిలితే ఎద్దు దక్కదు.